కాంట్రా డాన్స్: మారింది మాట ఒక్కటేనా?

అమెరికాలో జంటలు ఎదురెదురు వరుసల్లో నిలబడి ఆడే జానపద నాట్యం, కాంట్రా డాన్స్. అది ఆడేవాళ్ల మధ్య కొన్నేళ్లుగా ఒక గొడవ నడుస్తోంది. ఇద్దరు ఒకరినొకరు తాకకుండా, కళ్లలోకి చూసుకుంటూ, కుడి భుజం వైపుగా చుట్టూ తిరిగే కదలికను ‘జిప్సీ’ అనేవారు. యూరప్‌లో ఎక్కువగా ఉండే రోమా అనే జాతి ప్రజలను కించపరిచే మాట అది అంటూ చాలాచోట్ల ‘రైట్ షోల్డర్ రౌండ్’ అని మార్చారు. జంటలో ఇద్దరినీ పిలిచే ‘జెంట్స్, లేడీస్’ పోయి, ఆడా మగా తేడా లేని పిట్టల పేర్లు ‘లార్క్స్, రాబిన్స్’ వచ్చాయి. ఇంకొకరు కట్టిన డాన్సులో మనం వేలు పెట్టొచ్చా అని కొందరి కోపం. నన్నడిగితే, ఈ నాట్యం చూసిన మార్పుల్లో ఇది చాలా చిన్నది.

1651లో లండన్‌లో జాన్ ప్లేఫోర్డ్ 105 డాన్సులతో పుస్తకం వేశాడు. ఆ ఇంగ్లిష్ పల్లె నాట్యాలే వలసవాళ్లతో అమెరికా చేరి, ఈశాన్యాన న్యూ ఇంగ్లండ్‌లో పాతుకుపోయాయి. రెండు పొడవాటి వరుసలు, ఫిడేలు పాట. పల్లవి రెండుసార్లు, చరణం రెండుసార్లు అనుకోండి, మొత్తం 64 లెక్కలు, అంటే తాళపు దెబ్బలు. పాట ఒకసారి పూర్తయ్యేసరికి ప్రతి జంటా ఒక స్థానం జరిగి కొత్త జంటను కలుస్తుంది.

పాత డాన్సుల్లో పని అందరికీ సమానం కాదు. ‘కోరస్ జిగ్’ చూడండి. మొదటి జంట వరుసల వెలుపల నుంచి కిందికి వెళ్లి వస్తుంది, మధ్యలోంచి మళ్లీ వెళ్లి వస్తుంది, చివర్లో స్వింగ్ (ఒకరినొకరు పట్టుకుని గిరగిరా తిరగడం) కూడా వాళ్లదే. రెండో జంట చాలాసేపు నిలబడి చూడాల్సిందే. 1970ల తర్వాత వచ్చిన యువతకు ఆ నిలబడటం నచ్చలేదు. అందరూ కదిలే డాన్సులు వెల్లువెత్తాయి. అంతకుముందే, 1950ల చివర్లో, హెర్బీ గోడ్రో కట్టిన ‘బెకెట్ రీల్’లో భాగస్వాములు ఎదురెదురుగా కాక ఒకే వైపు పక్కపక్కన నిలబడ్డారు. ఇప్పుడు అలా మొదలయ్యే ప్రతి డాన్సునూ బెకెట్ అనే అంటారు. నాట్యం ఒళ్లే మారిపోయిందన్నమాట, అయినా దాని గురించి ఇప్పుడెవరూ గొడవ పడరు.

ఈ డాన్సులు వ్యాపించింది ఎక్కువగా కార్డుల మీదే. కదలికలు ముందుగా అరిచి చెప్పే కాలర్, నచ్చిన డాన్సును చిన్న అట్టముక్క మీద రాసుకుంటాడు: పొరుగువాళ్లతో (ఎదురైన జంటలోని వారితో) బ్యాలెన్స్ అనే ముందుకూ వెనక్కూ అడుగు, స్వింగ్ 16 లెక్కలు, నలుగురూ చేతులు పట్టుకుని ఎడమకు ముప్పావు చుట్టు 8, భాగస్వామితో స్వింగ్ 8. ‘ముప్పావు’ బదులు ‘పూర్తి చుట్టు’ అని పడిందో, పక్కన ఉండాల్సిన భాగస్వామి ఎదుటి వరుసలో తేలుతుంది. దాన్ని సరిదిద్దబోతే ఒక్కోసారి కొత్త డాన్సే పుడుతుంది. కదలికలు కొన్నే, లెక్కలు 64 మాత్రమే. కాబట్టి ఒకరినొకరు ఎరగని ఇద్దరు ఒకే డాన్సు కట్టడమూ మామూలే.

చట్టం ఇందులో తలదూర్చదు. నృత్య రచనలకు రక్షణ ఇచ్చే అమెరికా కాపీరైట్ చట్టం, జనం కలిసి ఆడుకునే ఇలాంటి డాన్సులను పట్టించుకోదు. ఉన్నదల్లా మర్యాదే: కట్టినవాళ్ల పేరు కార్డు మీద రాయడం, మార్చితే ఆ సంగతి చెప్పడం.

కొత్త మాటల అసలు పరీక్ష మైకు దగ్గర. పలకడంలో ‘జెంట్స్’ ఒక అక్షరం, ‘లార్క్స్’ ఒకటి. ‘లేడీస్’ రెండు, ‘రాబిన్స్’ రెండు. నాలుక ఇట్టే అలవాటు పడింది. ‘జిప్సీ’కి రెండు చాలు, ‘రైట్ షోల్డర్ రౌండ్’కు నాలుగు కావాలి. అందుకే కాలర్ ఇప్పుడు కాస్త ముందే నోరు తెరుస్తున్నాడు.