తూము లేచేలోపు

"కారుకి పెద్ద ఇంజెక్టర్లు వేయించాను. హైవే మీద బాణంలా పోతోంది. రావులపాలెం సెంటర్లో ట్రాఫిక్‌లో ఆగి ఏసీ వేస్తే మాత్రం ఇంజిను వణికి ఆగిపోతోంది. నాకు నకిలీ సరుకు అంటగట్టారా?" అని ఒక పాఠకుడు అడిగారు.

ఇంజెక్టర్లంటే ఇంజినులోకి పెట్రోలు చిమ్మేవి. సరుకు మంచిదే అయినా ఇలా జరుగుతుంది. ఇంజిన్ కంప్యూటర్‌లో ఒక్క సంఖ్య తప్పితే చాలు. దాని పేరు డెడ్ టైమ్. గోదావరి డెల్టా వాళ్లకి దీన్ని అర్థం చేయించడానికి కాలువ గట్టు చాలు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఇక్కడి సేద్యం తూముల లెక్క మీదే నడుస్తోంది. తూముకో షట్టరు, దాన్ని తిప్పడానికి లస్కరు. "గంటసేపు నీళ్లు వదులు" అన్నారనుకోండి. షట్టరు లేవడానికే పది నిమిషాలు పడితే పొలానికెళ్లే పిల్లకాలువలోకి, అంటే బోదెలోకి, గంట నీరు రాదు. దించేటప్పుడు కాస్త నీరు అదనంగా జారుతుంది, దాన్ని కలిపినా లోటు పూర్తిగా తీరదు. ఆ మిగిలిన లోటే డెడ్ టైమ్. ఇంజెక్టర్‌లో షట్టరు బదులు సూది, లస్కరు బదులు కరెంటు తీగచుట్ట. సూది లేవడానికి మిల్లీసెకను అటూ ఇటూ పడుతుంది. డెడ్ టైమ్ ఎంతో రాసి ఉంటే కంప్యూటరు ప్రతి ఆర్డరుకీ అంత కలిపి ఇస్తుంది.

గంట ఆర్డరులో ఆ లోటు పెద్దగా కనిపించదు. పావుగంట ఆర్డరులో అదే లోటు పంటను ఎండబెడుతుంది. తూము పెద్దదైతే అదే నీటికి తక్కువ సేపు తెరిస్తే చాలు, అంటే ఆర్డర్లన్నీ పొట్టివైపోతాయి. పాఠకుడి కారులో జరుగుతున్నది ఇదే.

లెక్క చూద్దాం. నిమిషానికి 400 సీసీ (మి.లీ.) వదిలే ఇంజెక్టరు ఒక మిల్లీసెకనులో దాదాపు 4.9 మిల్లీగ్రాముల పెట్రోలు వదులుతుంది. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిను ఊరికే తిరుగుతున్నప్పుడు, ఒక్కో సిలిండరుకి 5 మిల్లీగ్రాములు కావాలంటే సూది తెరుచుకుని ఉండాల్సింది 1 మిల్లీసెకను. కంప్యూటర్‌లో డెడ్ టైమ్ 0.3 మిల్లీసెకను తక్కువ రాసి ఉంటే ఐడిల్‌లో పెట్రోలు 30 శాతం తగ్గిపోతుంది. పూర్తి లోడు మీద 30 మిల్లీగ్రాములకు 6 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి అదే తప్పు అక్కడ 5 శాతమే. అందుకే హైవే మీద బాణం, సెంటర్లో వణుకు.

మరి ఏసీ వేస్తేనే ఎందుకు? లస్కరు బలం బ్యాటరీ వోల్టేజి. ఐడిల్‌లో ఏసీ ఫ్యాన్లు, హెడ్‌లైట్లు కలిసి వోల్టేజిని లాగేస్తే సూది నెమ్మదిగా లేస్తుంది. కాబట్టి డెడ్ టైమ్‌ని ఒక్క సంఖ్యగా రాస్తే సరిపోదు, వోల్టేజిని బట్టి మారే పట్టికగా రాయాలి. పాత ఇంజెక్టర్ల పట్టిక కొత్తవాటికి పనికిరాదు.

పట్టిక అమ్మినవాళ్ల దగ్గర దొరక్కపోతే ఇంజెక్టర్లను విప్పి, వాటిని పరీక్షించే టెస్ట్ బెంచి మీద కొలవాలి. పెట్రోలు వాడొద్దు, ఆవిరికి నిప్పంటుకుంటుంది. ఇంజెక్టర్ టెస్టింగ్ ఆయిల్ వాడాలి. 3 బార్ ఒత్తిడి, 14 వోల్టులు పెట్టి 4 మిల్లీసెకన్ల చొప్పున వెయ్యి సార్లు కొట్టించండి. 20.7 మి.లీ. వచ్చిందనుకోండి. తర్వాత 8 మిల్లీసెకన్ల చొప్పున వెయ్యి సార్లు. 47.3 మి.లీ. వచ్చింది. తేడా 26.6 మి.లీ., అది అదనంగా తెరిచిన 4 సెకన్లది. అంటే సెకనుకు 6.65, నిమిషానికి దాదాపు 400. ఇక 20.7ని 6.65తో భాగిస్తే 3.1 సెకన్లు. మనం అడిగింది 4 సెకన్లు, వెయ్యి సార్లకు 0.9 సెకను ఎగిరిపోయింది. ఒక్కోసారికి 0.9 మిల్లీసెకను, అదే డెడ్ టైమ్. ఇదే కొలతను 13, 12, 11, 10 వోల్టుల దగ్గర మళ్లీ చేస్తే పట్టిక చేతికొస్తుంది. నాలుగు ఇంజెక్టర్లనీ విడివిడిగా కొలవాలి. 2 మిల్లీసెకన్ల కన్నా తక్కువ ఆర్డర్లలో, సేపు పెరిగిన కొద్దీ పెట్రోలు అదే లెక్కన పెరిగే ఈ సరళరేఖ వంగిపోవచ్చు. అక్కడ విడిగా కొలిచి, కంప్యూటర్‌లో దానికున్న దిద్దుబాటు పట్టిక నింపాలి.

ఒత్తిడిది ఇంకో చిక్కు. తూములోంచి పోయే నీరు కాలువ మట్టానికీ బోదె మట్టానికీ ఉన్న తేడా వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. బడిలో ఈ సూత్రాన్ని బోర్డు మీద రాసి ఊరుకుంటారు. పిల్లల్ని ఒక్కసారి తూము దగ్గర నిలబెడితే జన్మలో మరిచిపోరు. పెట్రోలు ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరు ట్యాంకులోనే ఉండే బండ్లలో బయటి గాలితో పోల్చి 3 బార్ స్థిరంగా ఉంటుంది. బయటి గాలి ఒత్తిడి దాదాపు 1 బార్. ఐడిల్‌లో మానిఫోల్డ్ (ఇంజినులోకి గాలి వెళ్లే గొట్టం) లోపలి ఒత్తిడి 0.35 బార్‌కి పడిపోతే అసలు తేడా 3.65 బార్. ప్రవాహం 10 శాతం పెరుగుతుంది. కంప్యూటర్‌కి ఈ సంగతీ చెప్పాలి.

కంప్యూటర్ సంఖ్యలు మార్చే ట్యూనర్లు కొందరు ఈ కొలతలన్నీ మానేసి, గాలి కొలిచే సెన్సరు పట్టికని తగ్గించి పెట్రోలు సరిపెడతారు. ఇది నాకు అస్సలు నచ్చని పద్ధతి. గాలి తక్కువుందని నమ్మిన కంప్యూటరు లోడు తక్కువనుకుని స్పార్కును ముందుకు జరుపుతుంది. ఇంజిను నాకింగ్ చేస్తుంది, అంటే లోపల ఇంధనం అదుపు తప్పి పేలి టకటకమంటుంది, పిస్టన్లు దెబ్బతింటాయి.

బ్యాటరీ టెర్మినల్ పీకి అరగంట ఆగి పెట్టడం ఇంకో నమ్మకం. కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెడితే ఇంజినుకి నష్టం లేదు. దీనివల్ల మాత్రం నష్టముంది. చెక్ ఇంజిన్ లైటు ఆరుతుంది, దాంతోపాటు కంప్యూటరు నేర్చుకున్న దిద్దుబాట్లూ చెరిగిపోతాయి. తప్పు ఎక్కడుందో చెప్పే ఆధారం అవే.

పెట్రోలును కంప్యూటరు తనంతట తాను ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే ఆ దిద్దుబాట్లను స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. ఇంజిను బాగా వేడెక్కాక చదవాలి. ఐడిల్‌లోనూ రోడ్డు మీదా ఒకే శాతం చూపిస్తే ప్రవాహం సంఖ్య (నిమిషానికి 400 లాంటిది) తప్పు. ఐడిల్‌లో ఎక్కువ, రోడ్డు మీద తక్కువైతే ముందు డెడ్ టైమ్‌ని అనుమానించండి. లైట్లు, ఏసీ వేసినప్పుడే మారితే వోల్టేజి పట్టిక. ఒక్క సిలిండరే తేడా చేస్తుంటే దాని కనెక్టరు విప్పి చూడండి. అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడతాయి. ఆ నిరోధం లస్కరు బలాన్ని తినేస్తుంది.

కొలతలన్నీ సరిగ్గా ఉండి కూడా అన్నిచోట్లా ఒకే శాతం పెట్రోలు పెంచుతుంటే ప్రవాహం సంఖ్యని ముట్టుకోకండి, బంకులో పోసిన ఇంధనాన్ని చూడండి. ఇథనాల్ కలపని పెట్రోలుకి గాలి నిష్పత్తి (ఒక పాలు ఇంధనానికి కావాల్సిన గాలి, బరువులో) 14.7, 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20కి దాదాపు 13.5. మార్చాల్సింది ఆ సంఖ్యని. బెంచి మీద కొలిచిన 400 అలాగే ఉండాలి.