బంతా, కత్తా?

అన్నప్రాసన నాడు పిల్లాడి ముందు పుస్తకం, కలం, బంగారం, పూలు, చిన్న కత్తి పెట్టి దేని మీదికి పాకుతాడా అని చూడటం మనకో వేడుక. కలం పట్టుకుంటే మేనమామ చప్పట్లు కొడతాడు, కత్తి పట్టుకుంటే నాయనమ్మ నవ్వి ఊరుకుంటుంది. 1970లో మొదలైన ఒక జపాన్ కామిక్‌లోనూ ఒక తండ్రి కొడుక్కి ఇలాంటి పరీక్షే పెట్టాడు. ఎదురుగా రెండే వస్తువులు, ఒక బంతి, ఒక కత్తి. కత్తి దగ్గరికి వస్తే నా వెంట తీసుకెళ్తాను, బంతి దగ్గరికి వెళ్తే చనిపోయిన మీ అమ్మ దగ్గరికి పంపిస్తాను అంటాడు. పంపించడమంటే తన చేతులతో చంపడమే. మాటలు కూడా సరిగ్గా రాని ఆ పసివాడు కత్తి దగ్గరికి పాకాడు.

మాట తక్కువ, చేతిదురుసు ఎక్కువ అయిన ఒక మొరటు మగవాడు, వాడి చెయ్యి పట్టుకున్న ఓ బిడ్డ, వెనకాల తరుముకొచ్చేవాళ్లు. 2017లో 'లోగన్' సినిమా, 2019లో 'ది మాండలోరియన్', 2023లో 'ది లాస్ట్ ఆఫ్ అస్' సిరీస్ వచ్చాక ఈ జంట అందరికీ అలవాటైపోయింది. "మళ్లీ ఈ నాన్న కథేనా?" అని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. కాదనలేం. కానీ ఈ నాన్న సూపర్‌హీరోల ఇంటివాడు కాదన్న సంగతి చాలామందికి తెలియదు.

అమెరికా కామిక్స్‌లో మొదట్నుంచీ నాన్నలకు అప్పగించిన పని కథ మొదలవగానే చనిపోవడం. 1938లో వచ్చిన సూపర్‌మ్యాన్‌ను కన్నతండ్రి రాకెట్‌లో పెట్టి పంపించి గ్రహంతోపాటే పోయాడు. పెంచిన కెంట్ దంపతులు కూడా అతను నగరానికి చేరేలోపే కన్నుమూసినట్టు చాలా ఏళ్లు రాశారు. 1986లో జాన్ బర్న్ అనే రచయిత ఆ కథను తిరగరాసినప్పుడుగానీ వాళ్లకు ఆయుష్షు దక్కలేదు. బ్యాట్‌మ్యాన్ తల్లిదండ్రులు నడివీధిలో తుపాకీకి బలయ్యారు. 1962లో వచ్చిన స్పైడర్‌మ్యాన్‌కు పెంచిన పెదనాన్న బెన్ చావే పాఠం. నాన్న ఇంట్లో ఉంటే ఏ కుర్రాడు అర్ధరాత్రి ముసుగేసుకుని గోడ దూకగలడు? మన ఇళ్లలో అయితే వీధి గుమ్మం దగ్గరే కథ అయిపోయేది.

పిల్లాణ్ణి చేరదీసిన మొదటి పెద్ద హీరో బ్యాట్‌మ్యానే. 1940లో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న సర్కస్ కుర్రాడు డిక్ గ్రేసన్‌ను ఇంటికి తెచ్చుకున్నాడు. తెచ్చుకుని, రాబిన్ అని పేరు పెట్టి, మెరిసే బట్టలు తొడిగి తుపాకుల ముందు నిలబెట్టాడు! దాన్ని రక్షణ అనడానికి నాకు నోరు రాదు. ఆ తర్వాత వచ్చిన రెండో రాబిన్ జేసన్ టాడ్ సంగతి ఇంకా ఘోరం. వాణ్ణి ఉంచాలా చంపాలా అని 1988లో ఆ కామిక్ అచ్చేసే కంపెనీవాళ్లు పాఠకులకు రెండు ఫోన్ నంబర్లు ఇచ్చారు. చంపమని 5,343 ఫోన్లు, వద్దని 5,271 ఫోన్లు వచ్చాయి. 72 ఓట్ల తేడాతో ఒక పిల్లాడి ప్రాణం పోయింది.

సరిగ్గా అంతకు ముందు ఏడాదే, 1987లో, అదే అమెరికా దుకాణాల్లోకి ఆ కత్తి, బంతి కథ 'లోన్ వుల్ఫ్ అండ్ కబ్' పేరుతో ఇంగ్లీషులో వచ్చింది.

జపాన్‌లో దాని పేరు 'కొజురె ఓకమి'. పిల్లను వెంటేసుకు తిరిగే తోడేలు అని అర్థం. రాసింది కజువో కొయికె, బొమ్మలు గోసెకి కొజిమ. 'వీక్లీ మాంగా యాక్షన్' అనే పత్రికలో 1970 నుంచి 1976 దాకా నడిచి, 28 సంపుటాలైంది. ఇది చిన్నపిల్లల బొమ్మల పత్రిక కాదు. పగలంతా పనిచేసి రైళ్లలో ఇంటికి పోయే మగవాళ్లు చదువుకునేది. పగటిపూట బిడ్డ ముఖం చూడని తండ్రులకు, బిడ్డను ఒక్క క్షణం వదలని తండ్రి కథ పట్టిందంటే ఆశ్చర్యం లేదు. ఇది నా ఊహే అనుకోండి.

కథానాయకుడు ఓగమి ఇత్తో షోగన్ కొలువులో తలారి. షోగన్ అంటే అప్పట్లో జపాన్‌ను ఏలిన సైన్యాధిపతి. షోగన్ ఆజ్ఞతో హరాకిరి చేసుకునే, అంటే కత్తితో పొట్ట చీల్చుకుని చచ్చే సామంతుల తల నరకడం ఆయన ఉద్యోగం. ఆ పదవి మీద కన్నేసిన యగ్యూ వంశంవాళ్లు షోగన్ చావు కోరి పూజలు చేస్తున్నాడని అతనిపై నింద వేశారు. దానికి సాక్ష్యం కూడా అతని ఇంట్లోనే పెట్టించారు. భార్య హత్యకు గురైంది. నువ్వూ హరాకిరి చేసుకో అని ఆజ్ఞ వస్తే ఇత్తో తలవంచలేదు. కొడుకు డైగొరోను చెక్క బండిలో కూర్చోబెట్టుకుని రోడ్డెక్కాడు. తలకు 500 ర్యో, అంటే 500 బంగారు నాణేలు తీసుకుని చంపే కిరాయి హంతకుడయ్యాడు. తాము నడిచేది నరకం దారి అని తనే చెప్పుకుంటాడు.

బండి నిండా దాచిన ఆయుధాలే. పిల్లాడు తండ్రిని "చాన్" అని పిలుస్తాడు, నాన్నా అన్నట్టు. కొన్ని కథల్లో ఆ తండ్రి కొడుకునే ఎరగా వాడతాడు. ఇంకొన్నింటిలో తప్పిపోయిన పిల్లాడు తనంతట తనే తిరిగి, ఆకలికి ఓర్చుకుని, మళ్లీ తండ్రిని వెతుక్కుంటాడు. చావును లెక్కచేయని యోధుడికుండే చూపు ఆ పసివాడి కళ్లలో కనిపించి, కత్తి దూసినవాళ్లే ఖంగు తింటారు. కొజిమ మాట లేకుండా పేజీలకు పేజీలు గీస్తాడు. గడ్డి, వాన, బండి చక్రాలు. కోపంతో ఊగిపోయే తండ్రిని మనం ఎరుగుదుం. అభిమన్యుడి చావు విని, రేపు పొద్దుగుంకేలోగా సైంధవుణ్ణి చంపుతానన్న అర్జునుడే ఉన్నాడు. అర్జునుడు కొడుకు పోయాక శపథం పట్టాడు. ఇత్తోకి కొడుకు బతికే ఉన్నాడు. శపథం బండిలో కూర్చుని వెంట వస్తోంది.

జపాన్‌లో 1972 నుంచి 1974 లోపు ఆరు సినిమాలు వచ్చాయి. టీవీలోనూ నడిచింది. అమెరికాలో అచ్చేసిన ఫస్ట్ కామిక్స్ సంస్థ, తొలి సంచికల ముఖచిత్రాలు పేరున్న అమెరికా కామిక్ చిత్రకారుడు ఫ్రాంక్ మిల్లర్ చేత గీయించింది. అక్కడితో విత్తనం పడింది. మ్యాక్స్ అలన్ కాలిన్స్ 1998లో 'రోడ్ టు పెర్డిషన్' అనే కామిక్ రాసి, ఈ జపాన్ కథకు తను రుణపడ్డానని దాచకుండా చెప్పాడు. అందులో సమురాయ్ స్థానంలో 1930ల నాటి ముఠా హంతకుడు, బండి స్థానంలో కారు. 'మాండలోరియన్' తీసిన జాన్ ఫావ్రో కూడా ఈ పేరు చెప్పాడు. కొయికె 2019 ఏప్రిల్‌లో పోయాడు, ఆ సిరీస్ అదే ఏడు నవంబరులో మొదలైంది. కొజిమ అంతకు చాలా ముందే, 2000లో కన్నుమూశాడు.

అప్పు తెచ్చుకున్నవాళ్లు ఒకటి మాత్రం వదిలేశారు. 'రోడ్ టు పెర్డిషన్' 2002లో సినిమా అయినప్పుడు ఆ తండ్రి భయమంతా కొడుకు తనలా అవుతాడేమోనని. చివర్లో పిల్లాడు తుపాకీ పేల్చలేకపోతే ఆయన ప్రాణం కుదుటపడుతుంది. అంటే తండ్రే ముందుగా బంతిని ఎంచి పిల్లాడి చేతిలో పెట్టేశాడు. హాలీవుడ్ నాన్నలు దాదాపు అందరూ ఇదే పని చేస్తారు, అందుకే చూసేవాళ్లకు మనసు తేలికపడుతుంది. ఇత్తో దగ్గర ఆ తేలిక లేదు. చదివిన ప్రతిసారీ నాకు ఆయన మీద జాలికంటే ముందు కోపమే వస్తుంది.

1976లో వచ్చిన చివరి ఘట్టంలో ఇత్తో, యగ్యూ పెద్ద రెత్సుదో ఎదురెదురుగా నిలబడి పోరాడతారు. రెత్సుదో బిడ్డలందర్నీ అప్పటికే ఇత్తో చంపేశాడు. ఇత్తో కూలిపోతాడు. డైగొరో ఈటె పట్టుకుని ముసలాయన మీదికి పరిగెత్తుతాడు. రెత్సుదో కత్తి ఎత్తడు. చేతులు చాచి ఆ ఈటె మొనను తన ఒంట్లోకి తీసుకుని, పిల్లాణ్ణి గుండెకు అదుముకుని, "మనవడా" అని పిలుస్తాడు.