తలకో చీటీ, కాయిన్‌కో ఓటు

బరంపురంలో బడా బజారు వెనక సందుల్లో చీటీలు నడిపే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది గానీ, మా ఇళ్లలో చీటీ లెక్క మాత్రం తెలుగులోనే మిగిలింది. ఇరవై మంది, నెలకు వెయ్యి, ఇరవై నెలలు. "పిన్నీ, నా పేరున నాలుగు రాసుకో" అని ఎవరైనా అడిగితే పిన్ని వెంటనే ఒప్పుకోదు. నాలుగు చీటీలూ మొదటి నెలల్లోనే పాడుకుని తర్వాత కట్టడం మానేస్తే మిగతావాళ్ల గతేంటి? అందుకని మనిషికి ఒకటి, మహా అయితే రెండు. ఈ కట్టుబాటు నిలబడుతోందంటే కారణం పిన్నికి ఇరవై ముఖాలూ తెలియడమే.

క్రిప్టో రివార్డుల్లో పెద్ద మదుపరులకీ చిన్నవాళ్లకీ మధ్య పదిహేనేళ్లుగా నడుస్తున్న తగువంతా ఈ ముఖం దగ్గరే చిక్కుకుంది.

సూరత్ మరమగ్గాల మీద పనిచేసే మా చుట్టాలబ్బాయి ఒకడు పోయినసారి ఊరొచ్చినప్పుడు ఫోన్ తీసి చూపించాడు. నాలుగు వేల రూపాయల కాయిన్లు ఒక యాప్‌లో 'స్టేకింగ్'లో, అంటే రివార్డు కోసం తాకట్టుగా, పెట్టాడు. ఏడాదికి 12 శాతం రివార్డట. "లక్షలు పెట్టినోడికీ పన్నెండే, నాకూ పన్నెండే. ఇందులో అన్యాయం ఎక్కడుంది?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఒక్క మాటలో తేలేది కాదు.

2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదటి బ్లాక్, అంటే దాని లావాదేవీల చిట్టాలో మొదటి పేజీ, పుట్టింది. అప్పట్లో బ్లాక్ రాసినవాడికి బహుమతి 50 కాయిన్లు. బ్లాక్ ఎవరు రాయాలో తేల్చడానికి మనిషికో ఓటు పెట్టే దారి దాని రూపకర్తకు కనిపించలేదు. ఇంటర్నెట్ చిరునామాకో ఓటు అంటే, వెయ్యి చిరునామాలు సంపాదించినవాడికి వెయ్యి ఓట్లు వస్తాయి. అందుకే ప్రాసెసర్‌కో ఓటు అన్నాడు, అంటే ఎవరి కంప్యూటర్ ఎన్ని లెక్కలు చేస్తే వాడికి అంత అవకాశం. ఈ పనినే మైనింగ్ అంటారు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడల్లా పాల్గొంటాడన్న ఆశ అది, ఎక్కువ కాలం నిలవలేదు. గ్రాఫిక్ కార్డులొచ్చాయి, 2010 చివర్లో మైనింగ్ పూల్స్ (కంప్యూటర్ల శక్తిని కలిపి బహుమతి పంచుకునే గుంపులు) మొదలయ్యాయి, 2013 నుంచి ఆ పనికే తయారైన యంత్రాలు దిగాయి. 2014 జూన్‌లో జీహాష్ అనే ఒక్క పూల్ చేతికే మొత్తం శక్తిలో దాదాపు సగం వెళ్లింది. బహుమతేమో నాలుగేళ్లకోసారి సగమవుతూ 2024 ఏప్రిల్‌కి 3.125కి దిగింది.

కరెంటు కాల్చే బదులు కాయిన్లనే తాకట్టుగా చూపించే పద్ధతి 2012లో పీర్‌కాయిన్‌తో మొదలైంది. మావాడు చెప్పే స్టేకింగ్‌కి అదే మూలం. ఎన్ని కాయిన్లుంటే అంత వాటా.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది 2016లో మొదలైన స్టీమ్ అనే రాతల వేదిక కథ. అక్కడ రాతలు రాసినవాళ్లకీ, వాటికి ఓటేసినవాళ్లకీ రోజూ కొత్త కాయిన్లు పంచేవాళ్లు. ఓటు బరువు నీ దగ్గర తాళం వేసి ఉంచిన కాయిన్లను బట్టి ఉంటుంది. పంపకానికి మొదట వర్గం లెక్క పెట్టారు. అంటే పదింతల కాయిన్ల ఓటు పడిన రాతకి నూరింతల బహుమతి. ఖాతాలు ముక్కలు చేసి మోసం చేయడం ఆ లెక్కలో గిట్టదు, అది దాని సుగుణం. కానీ చిన్నవాడి ఓటుకి పైసా విలువ కూడా లేకుండా పోయింది. పైగా స్టీమ్ వెనకున్న కంపెనీ తొలి రోజుల్లోనే కాయిన్లలో సింహభాగాన్ని తానే మైన్ చేసి ఉంచుకుంది.

సరే, లెక్కను తిరగేస్తే? పెద్దవాడి బరువు తగ్గించడానికి వర్గమూలం పెట్టామనుకుందాం. పదివేల కాయిన్లకు బరువు వంద. బాగానే ఉంది. కానీ వాడు ఆ పదివేలను వంద ఖాతాల్లో వంద చొప్పున సర్దితే ఒక్కో ఖాతాకి బరువు పది, మొత్తం వెయ్యి. చిన్నవాళ్ల కోసం పెట్టిన రాయితీని వంద దొంగ పేర్లతో పెద్దవాడే ఎత్తుకుపోతాడు. ఆ వంద పేర్ల వెనక ఉన్నది ఒక్కడేనని పట్టుకోవడానికి అక్కడ పిన్ని లేదు.

2017లో స్టీమ్ సమ లెక్కకి మారింది: పదింతలకి పదింతలే. అప్పుడు ఇంకో రోగం పట్టుకుంది. తన రాతకి తానే ఓటేసుకోవడం, ఓట్లను అద్దెకివ్వడం, డబ్బు తీసుకుని ఓటేసే బాట్లు (వాటంతటవే పనిచేసే ప్రోగ్రాములు). దాన్ని అరికట్టడానికి 2019లో లెక్కను మళ్లీ కొంచెం వర్గం వైపు వంచితే, తక్కువ ఓట్లు పడే చిన్న రాతల బహుమతే ఇంకా తగ్గింది.

చివరి దెబ్బ 2020లో. ట్రాన్ అనే ఇంకో క్రిప్టో నెట్‌వర్క్ అధినేత జస్టిన్ సన్ ఆ స్టీమ్ కంపెనీని కొన్నాడు. తొలి రోజుల కాయిన్లతో అతను పెత్తనం చేస్తాడన్న భయంతో నెట్‌వర్క్ నడిపేవాళ్లు వాటిని స్తంభింపజేశారు. మార్చి 2న కాయిన్ల కొనుగోళ్లు, అమ్మకాలు జరిగే బైనాన్స్, హువోబి, పోలోనియెక్స్ ఎక్స్ఛేంజీలు తమ దగ్గర ఖాతాదారులు దాచుకున్న కాయిన్లతోనే సన్ పక్షాన ఓటేశాయి. చిన్నవాళ్ల సొమ్ము, వాళ్లకు తెలియకుండానే, పెద్దవాడి ఓటైంది. ఓటుకి వాడిన కాయిన్లు పూర్తిగా విడిపించుకోవాలంటే 13 వారాలు. అదే నెల 20న ఒక వర్గం హైవ్ పేరుతో వేరు కాపురం పెట్టేసింది.

ఇథీరియం అనే పెద్ద క్రిప్టో నెట్‌వర్క్ 2022 సెప్టెంబరు 15న స్టేకింగ్‌కి మారేటప్పటికి సొంతంగా పాల్గొనడానికి కనీసం 32 కాయిన్లు కావాలి. ఆనాటి ధరలో దాదాపు నలభై లక్షల రూపాయలు. అది లేనివాళ్లు లిడో లాంటి ఉమ్మడి ఖాతాల్లో చేరి, రివార్డులో 10 శాతం వాళ్లకి ఇచ్చుకున్నారు. చిన్నవాళ్లంతా అలా ఒకే గొడుగు కిందికి చేరడంతో ఒక దశలో మొత్తం స్టేకింగ్‌లో మూడో వంతుకి దగ్గరగా లిడో చేతిలోకే వెళ్లింది. ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. మొదట్లో 32 దాటిన మిగులుకు రివార్డు ఉండేది కాదు. వేల ఖాతాలున్న పెద్ద సంస్థ మిగుళ్లన్నీ పోగేసి వెంటనే కొత్త 32 కట్టేది, ఒంటరివాడికి అందుకు ఏళ్లు పట్టేది. 2025 మే మార్పుతో ఒంటరివాడి మిగులుకీ వడ్డీ మీద వడ్డీకి వీలు కలిగింది.

నష్టం పంపకంలోనూ వరస ఉంటుంది. ఏడాదికి దాదాపు 20 శాతం ఇస్తామన్న యాంకర్ అనే కాయిన్ డిపాజిట్ పథకం, దాని వెనకున్న టెర్రా నెట్‌వర్క్ 2022 మేలో కూలినప్పుడు పెద్ద ఖాతాలు ముందు బయటపడ్డాయి. చిన్నవాళ్లు ఆలస్యంగా కదిలారు, కొందరైతే ధర పడింది కదా అని ఇంకా కొన్నారు. ఆ లావాదేవీలను తర్వాత తవ్విన పరిశోధకులు తేల్చిన మాట ఇది. 2023 ఆగస్టులో ఒడిశా ఆర్థిక నేరాల విభాగం పట్టుకున్న సోలార్ టెక్నో అలయన్స్ వ్యవహారం వేరే బాపతు. మనుషుల్ని చేర్పిస్తే రివార్డు, అంటే పాత గొలుసుకట్టుకి కాయిన్ ముసుగు.

ఇక మన పన్ను. 2022 ఏప్రిల్ 1 నుంచి కాయిన్ల అమ్మకం లాభం మీద 30 శాతం. మామూలు జీతం మీద రూపాయి పన్ను పడనివాడికీ అంతే, కోటీశ్వరుడికీ అంతే. ఒక కాయిన్‌లో నష్టాన్ని ఇంకోదాని లాభంతో సర్దుకునే వీల్లేదు. అదే ఏడాది జులై నుంచి అమ్మకం మొత్తం మీద 1 శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను. రిటర్న్ వేస్తే లెక్కలో సర్దుకుంటారు గానీ, మా మగ్గాల కుర్రాళ్లలో రిటర్న్ వేసేవాళ్లు ఎంతమంది?

మావాడితో కూర్చుని అతని ఫోన్లోనే లెక్క వేశాం. కాయిన్ ధర కదలకపోతే, నాలుగు వేల మీద 12 శాతం అంటే ఏడాదికి 480 రూపాయలు. కాయిన్లు యాప్ లోంచి బయటికి తీస్తే ఫీజు 300. పది లక్షలు పెట్టినవాడికి రివార్డు లక్షా ఇరవై వేలు. వాడికి ఫీజెంతో తెలుసుకోవడానికి యాప్‌లో కింద చిన్నక్షరాలు చదవమన్నాను. చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వాడికీ 300.