రేవు లేని బందరు

బందరులో, అంటే మచిలీపట్నంలో, మొదటిసారి బస్సు దిగినవాళ్లు సముద్రం ఎటు అని అడుగుతారు. ఎటూ కనబడదు. ఆటో మాట్లాడుకుని పది పన్నెండు కిలోమీటర్లు మంగినపూడి దాకా పోవాలి, అక్కడ కూడా ఇసుక తక్కువ, నల్లటి బంకమట్టి ఎక్కువ, నీళ్లు చాలా దూరం దాకా లోతు ఉండవు. బందర్ అంటే పారసీలో రేవు. పేరులోనే రేవున్న ఊళ్లో రేవెందుకు లేదు, ఇప్పుడు అంత ఖర్చు పెట్టి కొత్తది ఎందుకు కడుతున్నారు అన్నది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నిజానికి ఈ తీరంలో రేవులు ఎప్పుడూ ఒకచోట నిలవలేదు. కాకతీయుల కాలంలో పెద్ద రేవు ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి. తుఫానుకి దారితప్పి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా ఇంతకుముందు రాజులు లాగేసుకునేవాళ్లని, ఇకమీదట తాము సుంకం తప్ప ఏమీ ముట్టమని గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. వ్యాపారం కావాలంటే ముందు నమ్మకం కావాలని ఆయనకి బాగానే తెలుసు! ఆ శాసనం వీరభద్రాలయంలో ఉంది. మార్కోపోలో ముత్ఫిలి అని రాసింది ఈ ఊరి గురించే. ఇప్పుడది మామూలు పల్లెటూరు.

బందరు దశ తిరిగింది గోల్కొండ నవాబుల వల్ల. వాళ్ల రాజ్యానికి సముద్రం మీదికి ఇదే వాకిలి. ఇక్కడి అద్దకం బట్టలు అటు పర్షియాకి, ఎర్రసముద్రం మీద మోచాకి (మోచా కాఫీకి ఆ పేరొచ్చింది ఆ రేవు నుంచే), ఇటు బర్మాలోని పెగూకి, సుమత్రాకి వెళ్లేవి. ఆ బట్టల కోసమే 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు వచ్చి కొట్లు పెట్టుకున్నారు. పక్కనే పెడనలో ఇప్పటికీ చెక్క అచ్చులతో కలంకారీ వేస్తున్నారు, రంగులో ముంచి గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు, జరిపి మళ్లీ గుద్దు, ఆ చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. బందరు వెళ్లి లడ్డూ కొనుక్కుని తిరిగొచ్చేసేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

అంత వెలుగు వెలిగిన రోజుల్లో కూడా ఓడ ఒడ్డుకి ఆనేది కాదు. లోతు లేదు. కొన్ని మైళ్ల అవతల లంగరు వేస్తే, మేకులు లేకుండా కొబ్బరితాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో సరుకు చేరవేసేవాళ్లు. లోతు లేకపోవడానికి కారణం కృష్ణే. డెల్టాకి పంట ఇచ్చిన ఒండ్రే రేవుని పూడ్చుకుంటూ వచ్చింది. చిన్న ఓడలున్నంత కాలం సరిపోయింది, ఓడలు పెద్దవయ్యేకొద్దీ ఇబ్బంది మొదలైంది.

ఆ పైన 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన. సుమారు 30 వేల మంది పోయారని లెక్క. పల్లపు నేల కావడంతో సముద్రం మైళ్ల కొద్దీ లోపలికి వచ్చేసింది. ఊరు మళ్లీ లేచింది గానీ రేవు మాత్రం పాత స్థితికి రాలేదు. కాకినాడ ఎదిగింది, 1933లో విశాఖ హార్బరు తెరిచారు, బందరుకి కోర్టులు, బళ్లు, వకీళ్లు మిగిలారు. కాకినాడ పక్కన కోరంగిదీ దాదాపు ఇదే కథ. 1839 ఉప్పెన ఆ రేవుని దెబ్బతీసింది. కానీ ఆ రేవు పేరు పట్టుకునే బర్మాలో మనవాళ్లని చాలాకాలం కోరంగీలు అని పిలిచారు.

పాత రేవు ఆనవాలు చూడాలంటే బందరుకోటకి వెళ్లండి. కూలిన గోడలు, వాటి మధ్య ముళ్లకంప. ఊళ్లో డచ్చివాళ్ల సమాధుల దగ్గర ఇంకొంచెం సేపు ఆగొచ్చు. రాతిపలకల మీద వాళ్ల వంశచిహ్నాలు ఎంత సన్నగా చెక్కారంటే, ఇన్ని వర్షాలకీ గీతలు చేతికి తగులుతాయి.

ఇక కొత్త పోర్టు. 2008లో ఒక శంకుస్థాపన, 2019లో ఇంకొకటి, 2023లో మరొకటి. బందరువాళ్లు దీన్ని జోకులా చెప్పుకోవడంలో తప్పేం లేదు. ఇప్పుడు పని మాత్రం నిజంగానే జరుగుతోంది, సముద్రంలోకి రాళ్లు పోసి అలలకి అడ్డుకట్టలు వేస్తున్నారు, ఓడలకి దారి తవ్వుతున్నారు. నాలుగొందల ఏళ్ల కిందట పడవలతో తప్పించుకున్న సమస్యనే ఇప్పుడు డ్రెడ్జర్లతో, అంటే నీటి అడుగు మట్టి తోడే యంత్రాలతో, తవ్వుతున్నారన్నమాట. కట్టేసి రిబ్బన్ కత్తిరిస్తే అయిపోదు, తవ్విన చోటికి మట్టి మళ్లీ చేరుతూనే ఉంటుంది, పోర్టు నడిచినన్నాళ్లూ ఆ డ్రెడ్జర్లు తిరగాల్సిందే.