ఈ ఐపీ ఎవరిచ్చారు? బరంపురం నుంచి రాయగడ దాకా ‘నెట్ రాట్లేదు’ వెనక నలభై ఏళ్ల కథ

“వైఫై కనెక్టెడ్ అనే చూపిస్తోంది సార్, నెట్ మాత్రం రాట్లేదు.” ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కాలేజీ ల్యాబులు, నర్సింగ్ హోమ్‌లు, లాడ్జీల్లో నెట్‌వర్క్ పనులు చూసేవాళ్లకు ఈ ఫోన్ కొత్త కాదు. వెళ్లి చూస్తే కేబుల్ బాగానే ఉంటుంది, స్విచ్ మీద లైట్లు మెరుస్తూనే ఉంటాయి. బ్లాక్ విండోలో ఐపీకాన్ఫిగ్ అని కొట్టాక గాని అసలు సంగతి తెలియదు. 10తో మొదలవ్వాల్సిన ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ మెషీన్ చిరునామా, 192.168.1తో మొదలై ఉంటుంది, లేకపోతే 169.254తో. మొదటిదైతే మన సర్వర్ కాకుండా ఇంకెవరో ఇచ్చినట్టు. రెండోదైతే ఎవరూ ఇవ్వక, మెషీనే తనకు తాను ఒక నంబరు రాసుకున్నట్టు.

ఇది పాత బెడదే. దీనికి తోడు 2022 చివర్లో ఇంకొకటి వచ్చి పడింది. లైనక్స్ సర్వర్ల మీద ఏళ్ల తరబడి అడ్రస్‌లు పంచిపెట్టిన ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ అనే ప్రోగ్రామ్‌కు ఇక మరమ్మతులు చేయబోమని దాన్ని తయారుచేసిన ఐఎస్‌సీ సంస్థ ప్రకటించింది. ఎప్పుడో ఎవరో వచ్చి పెట్టి వెళ్లిన సర్వర్, ఎవరూ ముట్టుకోకుండా మూల గదిలో నడుస్తూ ఉంది. ఇప్పుడు దాన్ని తెరవాలి. ఈ రెండు తలనొప్పులూ ఎక్కడివో తెలియాలంటే, డీహెచ్‌సీపీ అనే ఈ అడ్రస్ పంచే పద్ధతి ఎలా పుట్టిందో చూడాలి.

1980ల మొదట్లో విశ్వవిద్యాలయాల్లో హార్డ్ డిస్క్ లేని కంప్యూటర్లు వచ్చాయి. స్విచ్ వేస్తే వాటికి తాము ఎవరో కూడా తెలియదు. గుర్తుపెట్టుకోడానికి డిస్కే లేదు మరి. తెలిసిందల్లా కార్డులో ఫ్యాక్టరీ వాళ్లు రాసిన హార్డ్‌వేర్ నంబరు, అంటే మ్యాక్ అడ్రస్. “ఇదీ నా నంబరు, నా ఐపీ ఏది?” అని అడిగే పద్ధతి ఒకటి స్టాన్‌ఫర్డ్‌లో తయారైంది. 1984 జూన్‌లో వచ్చిన ఆ పద్ధతి పేరు రార్ప్. దానితో రెండు ఇబ్బందులు. అడిగిన మాట రౌటర్ దాటి అవతలికి పోదు కాబట్టి ప్రతి నెట్‌వర్క్ ముక్కకీ ఒక సర్వర్ కావాలి. పైగా అది ఐపీ ఒక్కటే ఇచ్చి ఊరుకుంటుంది. గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కు దారి) ఏది, స్టార్ట్ అవడానికి ఏ ఫైల్ తెచ్చుకోవాలి అన్నవి చెప్పదు.

మరుసటి ఏడాది, 1985 సెప్టెంబర్‌లో, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బిల్ క్రాఫ్ట్, సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉన్న జాన్ గిల్‌మోర్ కలిసి బూట్‌పీ తెచ్చారు. అసలు మలుపు ఇక్కడే. సర్వర్‌కు 67, అడిగేవాడికి 68 అని పోర్ట్ నంబర్లు (ఏ పనికి వచ్చిన మాటో గుర్తుపట్టే నంబర్లు) పెట్టారు. మధ్యలో రౌటర్ ఉంటే అడిగిన మాటను అవతలికి చేరవేసే రిలేకి చోటిచ్చారు. అయితే పట్టిక మాత్రం అడ్మినే చేత్తో రాయాలి, ఏ మ్యాక్‌కు ఏ ఐపీ అని. కదలని కంప్యూటర్లున్న ల్యాబ్‌కు అది సరిపోయింది. ఉదయం ఇక్కడ, సాయంత్రం అక్కడ తిరిగే లాప్‌టాప్‌లు వచ్చాక సరిపోలేదు.

దానికి జవాబుగా వచ్చిందే డీహెచ్‌సీపీ. అమెరికాలో బక్‌నెల్ యూనివర్సిటీకి చెందిన రాల్ఫ్ డ్రోమ్స్ రాసిన ప్రమాణ పత్రం 1993 అక్టోబర్‌లో వచ్చింది. అచ్చులో దొర్లిన పొరపాట్లు సరిచేసి అదే నెలలో మళ్లీ వేశారు. ఇప్పటికీ అందరూ చూసే రూపం 1997 మార్చి నాటిది. డ్రోమ్స్ తెచ్చిన కొత్త సంగతి ‘లీజ్’. అడ్రస్‌ను శాశ్వతంగా రాసివ్వకుండా గడువు పెట్టి ఇవ్వడం. సగం గడువు గడవగానే మెషీన్ తిరిగి అదే సర్వర్‌ను అడుగుతుంది. జవాబు రాకపోతే 87.5 శాతం దగ్గర ఏ సర్వరైనా సరే అని అందరినీ అడుగుతుంది. గడువు తీరిపోతే అడ్రస్ వదిలేయాలి.

కొత్తదాన్ని పాతదాని ఒంటి మీదే కట్టారు. అప్పటికే రౌటర్లలో ఉన్న బూట్‌పీ రిలేలు పనికి రావాలని పోర్ట్‌లు మార్చలేదు, ప్యాకెట్ ఆకారమూ మార్చలేదు. అందుకే ఇవాళ రాయగడ స్టేషన్ దగ్గర లాడ్జిలో ఒక ఫోన్ వైఫైకి తగులుకుంటే, అది పంపే మొదటి ప్యాకెట్లో స్టార్ట్ అవడానికి కావలసిన ఫైల్ పేరు కోసం 128 బైట్ల గడి ఇంకా ఉంటుంది, చాలాసార్లు ఖాళీగానే. దాని వెనకే 99, 130, 83, 99 అనే నాలుగు అంకెలు. అవీ బూట్‌పీ కాలం నాటి గుర్తే. నెట్‌వర్క్‌లో తిరిగే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ పెట్టి చూస్తే ఎవరికైనా కనిపిస్తాయి.

ఆ ఫోన్‌కు అప్పటికి ఐపీ లేదు కాబట్టి 0.0.0.0 నుంచి, ఎవరున్నారో తెలియదు కాబట్టి 255.255.255.255కి, అంటే అందరికీ వినపడేలా అడుగుతుంది. దాన్ని డిస్కవర్ అంటారు. సర్వర్ ఒక అడ్రస్ చూపించడం ఆఫర్, ఫోన్ అదే కావాలనడం రిక్వెస్ట్, సర్వర్ సరేననడం ఆక్. పెళ్లి పందిట్లో “ఎవరమ్మా, కాస్త మంచినీళ్లు” అని కేకేసినట్టు ఉంటుంది ఇదంతా. ముందు ఎవరు తెస్తే వాళ్ల గ్లాసే తాగుతాం గాని, నువ్వు ఆడపెళ్లివారి మనిషివా కాదా అని అడగం. అడగాలన్న ఆలోచన రాకపోలేదు. సంతకం చూసి నమ్మే పద్ధతి 2001 జూన్‌లో రాశారు కూడా. ప్రతి మెషీన్‌లో ముందే ఒక తాళం పెట్టాలంటే ఇక ఆటోమేటిక్ అన్న మాటకు అర్థం ఏముంది? అది కాగితం మీదే మిగిలింది.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా వచ్చింది. అప్పుడు డయల్ చేస్తే ఒక్క కంప్యూటర్‌కే నెట్. దానికి అడ్రస్ ఇచ్చేది ఫోన్ లైన్ కనెక్షన్‌కు వాడే పీపీపీ పద్ధతి, డీహెచ్‌సీపీ కాదు. ఒక లైన్‌ను పదిమందికి పంచే నెట్ సెంటర్లు వచ్చాక లోపలి అడ్రస్‌ల గొడవ మొదలైంది. 10, 172.16, 192.168 వరసలను ఎవరైనా ఇంట్లో వాడుకోవచ్చని 1996 ఫిబ్రవరిలోనే తేల్చేశారు కాబట్టి అడ్రస్‌లకు కొరత లేదు. వాటిని రాసిపెట్టుకోవడమే కష్టం. క్యాష్ కౌంటర్ సొరుగులో ఒక పొడుగు నోట్‌బుక్, అందులో సిస్టమ్ నంబర్ ఎదురుగా ఐపీ. ఒక మెషీన్ ఫార్మాట్ కొట్టాక నోట్‌బుక్ చూడకుండా ఏదో నంబరు వేస్తే, ఇంకెవరి తెర మీదో ‘ఐపీ కాన్‌ఫ్లిక్ట్’ అని తేలేది. సరిహద్దులో ఇంకో చిక్కు: పార్వతీపురం నుంచి వచ్చినాయన తెలుగులో రాసిన చీటీలు ఆ తర్వాత వచ్చిన ఒడియా కుర్రాడికి అర్థం కావు, అతను రాసినవి వీళ్లకి కావు. స్విచ్ మీద రెండూ అంటుకుని ఉంటాయి.

1999లో విండోస్ 98 రెండో ఎడిషన్‌లో నెట్ షేర్ చేసే సదుపాయం వచ్చింది. ఒక టిక్కు పెడితే ఆ కంప్యూటర్ 192.168.0.1 అయిపోయి, మిగతావాటికి తానే అడ్రస్‌లు పంచేది. నా లెక్కలో మన ఊళ్లలో డీహెచ్‌సీపీ అడుగుపెట్టింది ఈ దొడ్డిదారినే. తమ షాపులో ఒక డీహెచ్‌సీపీ సర్వర్ ఉందని ఆ షాపు ఓనర్‌కు తెలియదు. ఆ ఒక్క కంప్యూటర్ ఆపేస్తే అందరికీ నెట్ ఎందుకు పోతోందో కూడా తెలియదు.

ఇప్పటి ఫైబర్ బాక్స్ దాని వారసుడే. ఇంటికి పనికొచ్చేలా తయారైన బాక్స్ కాబట్టి పెట్టెలోంచి తీయగానే డీహెచ్‌సీపీ నడుస్తుంటుంది. పై అంతస్తులో సిగ్నల్ అందడం లేదని ఎవరో ఇంకో వైఫై రౌటర్ కొని, వ్యాన్ (బయటి లైన్) అని రాసిన పోర్టులో పెట్టాల్సిన వైరును పసుపు రంగు ల్యాన్ పోర్టులో పెడతారు. అంతే, ఒకే నెట్‌వర్క్‌లో ఇద్దరు దాతలు. అందరికీ ఒకేసారి నెట్ పోతే ఈజీగా దొరికేది. లీజ్ తీరినవాళ్లకు తీరినట్టు ఒక్కొక్కరికే పోతుంది, అదీ టెన్షన్.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఇది ముదురుతుంది. గజపతి, రాయగడ వైపు గాలివానకు లైన్లు పడిపోవడం మామూలే. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను సంగతి సరేసరి. కరెంటు రాగానే చిన్న రౌటర్ చటుక్కున లేచి కూర్చుంటుంది. సర్వర్ డిస్కులు చూసుకుని, సర్వీసులు ఒక్కొక్కటీ లేపుకుని వచ్చేసరికి ఆలస్యం. ఆ మధ్యలో అడిగిన ప్రతి మెషీన్‌కూ జవాబు రౌటర్ దగ్గర్నుంచే.

దీనికి స్విచ్‌లోనే మందు ఉంది. డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేసి, సర్వర్ ఉన్న పోర్టును మాత్రం నమ్మదగినదిగా గుర్తిస్తే, మిగతా పోర్టుల నుంచి వచ్చే ఆఫర్లను స్విచ్ అక్కడే పడేస్తుంది. కాకపోతే దానికి మేనేజ్డ్ స్విచ్, అంటే సెట్టింగ్స్ మార్చుకోగలిగే స్విచ్ కావాలి. చవక స్విచ్‌లతో బండి లాగిస్తున్న చోట మిగిలేది బాక్సులన్నీ తిరిగి, వాటిలో డీహెచ్‌సీపీ ఆపేయడమే.

సర్వర్ వైపు చూస్తే, ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ సెట్టింగ్స్ ఫైల్‌లో రాయాల్సింది నిజానికి పది లైన్లు: ఏ సబ్‌నెట్ (నెట్‌వర్క్ ముక్క), ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పంచాలి, రౌటర్ ఏది, సైట్ల పేర్లను ఐపీలుగా మార్చే డీఎన్‌ఎస్ ఏది, లీజ్ ఎంతసేపు. చాలామంది వదిలేసే లైన్ ఒకటుంది, ‘అథారిటేటివ్’ అని. అది లేకపోతే వేరే వరసలోని అడ్రస్ పట్టుకుని వచ్చిన మెషీన్‌కు “అది చెల్లదు” అని సర్వర్ చెప్పదు, మౌనంగా ఉంటుంది. పక్క రౌటర్ ఇచ్చిన అడ్రస్‌తో వచ్చిన లాప్‌టాప్ ఎందుకు తిప్పలు పెడుతోందో ఆ ఒక్క మాటలో ఉంది. ప్రింటర్‌కు చేత్తో వేసిన ఐపీని పంచే వరసలోంచి తీసేయకపోవడం ఇంకో మామూలు తప్పు.

లీజ్ సంగతి ఫోన్లు వచ్చాక మారింది. విండోస్ సర్వర్‌లో ముందే ఉండే గడువు 8 రోజులు. ఆఫీసు కంప్యూటర్లకు అది బాగానే ఉంటుంది. 254 అడ్రస్‌లున్న వరసతో ఫంక్షన్ హాల్లో అదే గడువు ఉంచితే, మొదటి పెళ్లికి వచ్చి వెళ్లిపోయినవాళ్ల ఫోన్లే రెండో పెళ్లి దాకా అడ్రస్‌లు పట్టుకుని కూర్చుంటాయి. అక్కడ గంటో రెండు గంటలో చాలు. పైగా 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో మారు మ్యాక్ చూపిస్తున్నాయి. ఫోన్ డబ్బా మీది నంబరు చూసి పట్టికలో రాసుకుంటే అది సరిపోలదు.

ఇక మార్పిడి సంగతి. పాతదాని స్థానంలో ఐఎస్‌సీ వాళ్లే తెచ్చింది కియా, అడ్రస్ పంచే పద్ధతి అదే, సెట్టింగ్స్ రాసే తీరే వేరు. జేసన్ అనే ఫార్మాట్‌లో రాయాలి, ఒక కామా తప్పితే సర్వీస్ లేవదు. పాత ఫైల్‌ను కొత్త రూపంలోకి మార్చే పనిముట్టును వాళ్లే ఇచ్చారు, అయినా మార్చిన ఫైల్‌ను లైన్ లైన్ చదువుకోవాల్సిందే. చిన్న చోట్ల డీఎన్‌ఎస్‌మాస్క్ అనే తేలికైన ప్రోగ్రామ్ సరిపోతుంది, కియా దాకా పోనక్కర్లేదని నా అభిప్రాయం. ఏది పెట్టినా లీజ్ గడువు ముందుగానే తగ్గించాలి. పాత సర్వర్‌లో 8 రోజులు ఉంటే, మార్చే రోజుకు కనీసం 4 రోజుల ముందు దాన్ని గంటకు దించాలి. మెషీన్లు సగం గడువు దగ్గరే తిరిగి అడుగుతాయి కాబట్టి, అప్పటికి ఆన్‌లో ఉన్నవన్నీ కొత్త గడువులోకి వచ్చేసి ఉంటాయి. ఆ తర్వాత పాతది ఆపి కొత్తది లేపితే, గంటలోపు అన్నీ దీని దగ్గరికే వస్తాయి. ఆ గంటలో ఎవరికైనా 192.168.1 వచ్చిందంటే, పై అంతస్తుకు వెళ్లి పసుపు పోర్టు చూడాలి.