ఉప్పుటేటి నీళ్లలో పారాసిటమాల్ కొలవాలంటే

ధవళేశ్వరం దగ్గర పట్టిన మంచినీళ్లలోనూ, వేసవిలో పోటు వేళ అంతర్వేది దగ్గర పట్టిన నీళ్లలోనూ ఒకే మోతాదు పారాసిటమాల్ కలిపి, కరెంటు ద్వారా మందును కొలిచే ఒకే రకం కార్బన్ స్ట్రిప్‌తో చూడండి. రెండుచోట్లా ఉన్నవి రెండు వేర్వేరు మందులేమో అనిపిస్తుంది. తప్పు కార్బన్‌ది కాదు, వోల్టేజిని పోల్చి చూడటానికి పక్కనున్న వెండి గీతది.

పారాసిటమాల్ అణువు కార్బన్ మీద రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు వదిలి క్వినోన్ ఇమైన్‌గా మారుతుంది. ఆ ఎలక్ట్రాన్లే మనం చదివే కరెంటు. వోల్టేజి పెంచుతూ పోతే, పీహెచ్ 7 దగ్గర సుమారు 0.4 వోల్టుల వద్ద ఆ కరెంటు శిఖరంలా లేస్తుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే అది 59 మిల్లీవోల్టులు కిందికి జారుతుంది కాబట్టి పీహెచ్‌ను నిలకడగా ఉంచే బఫర్ ద్రావణం తప్పనిసరి. స్ట్రిప్ మీది వెండి-వెండి క్లోరైడు గీత నేరుగా నమూనాలోనే మునుగుతుంది. నీటిలో క్లోరైడు పదిరెట్లయితే దాని వోల్టేజి 59 మిల్లీవోల్టులు తగ్గి, శిఖరం అంత పైకి జరిగినట్టు కనిపిస్తుంది. మందు మాత్రం ఏమీ మారలేదు!

విరుగుడు కష్టమేం కాదు. 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో లీటరుకు 7.45 గ్రాముల పొటాషియం క్లోరైడు కరిగించి, 9 మిల్లీలీటర్లకు 1 మిల్లీలీటరు నమూనా కలపాలి. సముద్రపు నీరైనా అప్పుడు మంచినీటితో తేడా సుమారు పన్నెండు మిల్లీవోల్టులే.

స్ట్రిప్ దొరక్కపోతే 0.5 మి.మీ. హెచ్‌బీ పెన్సిల్ లెడ్ చాలు, దానికి విడిగా వోల్టేజిని పోల్చే రిఫరెన్స్ ఎలక్ట్రోడు, కరెంటు వలయాన్ని పూర్తిచేసే ప్లాటినం తీగ ఉండాలి. కొసన 10 మి.మీ. వదిలి పైభాగానికి నెయిల్ పాలిష్ పూసి ఆరనివ్వాలి. ఇది మానేస్తే నీరు లెడ్ వెంట పైకి పాకి, తడిసే వైశాల్యం ప్రతిసారీ మారి, కరెంటు నమ్మకం లేకుండా పోతుంది. బఫర్‌లో 1.4 వోల్టుల వద్ద 60 సెకన్లు ఉంచితే ఉపరితలం చురుకవుతుంది. తర్వాత వోల్టేజిని 0.1 నుంచి 0.8 దాకా పల్స్ పద్ధతిలో, అంటే చిన్న చిన్న తోపులతో, నడపాలి. మాత్రల్లో కలిపే కెఫీన్ 1.2 వోల్టులు దాటితేగానీ కదలదు, దాంతో పేచీ లేదు.

అసలు పేచీ మట్టితో. వరదల్లో ఎర్రనీరు దిగినప్పుడు బురద, కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలు కార్బన్‌ను పట్టేస్తాయి. 0.45 మైక్రాన్ల ఫిల్టరు బురదను ఆపుతుంది, కరిగిన హ్యూమిక్‌ను ఆపలేదు. అందుకే డిస్టిల్డ్ వాటర్‌లో గీసుకున్న క్రమాంకన రేఖ (ఏ మోతాదుకు ఎంత కరెంటో చూపే గీత) ఇక్కడ పనికిరాదు, దాన్ని నమ్ముకుంటే మందు తక్కువగా తేలుతుంది. నమూనాలోనే తెలిసిన మోతాదు కలిపి చూడాలి. 10 మిల్లీలీటర్లలో 1.2 మైక్రోఆంపియర్లు వచ్చాయనుకుందాం. 1 మిల్లీమోలార్ ద్రావణం 100 మైక్రోలీటర్లు వేస్తే, అంటే దాదాపు 10 మైక్రోమోలార్ పెరిగితే, కరెంటు 3.0కి చేరింది. పెరిగింది 1.8 కాబట్టి ముందున్నది సుమారు 6.7 మైక్రోమోలార్. పదిరెట్లు పలచన చేశాం గనుక అసలు నమూనాలో 67.

డైక్లోఫెనాక్‌కైతే మరో తలనొప్పి: ఆక్సీకరణ చెందాక పుట్టే పదార్థం కార్బన్‌కే అంటుకుని రెండో కొలతకే శిఖరాన్ని కుంగదీస్తుంది. అక్కడ కడిగే ప్రయాస పెట్టుకోకుండా ప్రతి కొలతకూ కొత్త లెడ్ వాడటమే మేలు.

ఒక మైక్రోమోలార్ పారాసిటమాల్ అంటే లీటరుకు 151 మైక్రోగ్రాములు. మాత్రలు పరీక్షించడానికి మామూలు లెడ్ ధారాళంగా సరిపోతుంది. మురుగుకాలువలో అంతకన్నా బాగా తక్కువ ఉంటే మాత్రం నమూనాను ముందుగా ఘనఫేజ్ గొట్టంలో (మందును పట్టి ఉంచే పొడి నింపిన గొట్టం) పట్టి చిక్కబరచాల్సిందే.