రెండో డోసు ఆలస్యం చేస్తే ఏమవుతుంది? అపోహలు - వాస్తవాలు

2020 డిసెంబర్ 30న బ్రిటన్ ఆరోగ్య అధికారులు కోవిడ్ టీకా రెండో డోసును 12 వారాల దాకా వాయిదా వేయవచ్చని ప్రకటించారు. అక్కడ టీకాలు మొదలై అప్పటికి నెల కూడా కాలేదు. 2021 మార్చిలో కెనడా నిపుణుల సంఘం నాలుగు నెలల గ్యాప్‌కు ఒప్పుకుంది. అదే ఏడాది మే 13న భారత ప్రభుత్వం కోవిషీల్డ్ గ్యాప్‌ను 12 నుంచి 16 వారాలకు పెంచింది. ఎక్కడైనా జనానికి వచ్చిన అనుమానాలు దాదాపు ఒకటే. టీకాల విభాగంలో పనిచేసే డాక్టరుగా వాటికి జవాబులు చెబుతూ వచ్చాను. ఇంకో మహమ్మారి వచ్చినా తొలి నెలల్లో టీకాలు అందరికీ సరిపోవు, మళ్లీ ఇవే ప్రశ్నలు వస్తాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఫైజర్ కంపెనీ రెండో డోసు 21 రోజులకని చెప్పింది. ఆ తేదీ దాటితే మొదటి డోసు కూడా వృథా అవుతుంది.

వాస్తవం: ఫైజర్ ట్రయల్‌లో 21 రోజుల గ్యాప్ పెట్టారు, మోడెర్నాలో 28 రోజులు. రోజూ వేలమంది చనిపోతున్న సమయంలో ఫలితం త్వరగా తేలాలి కాబట్టి తక్కువ గ్యాప్ ఎంచుకున్నారు. అంతకన్నా ఎక్కువ గ్యాప్ పెట్టి చూసి, పనిచేయలేదని వదిలేసిన సందర్భం కాదది. 22వ రోజు రాగానే మన ఒంట్లో ఏ తలుపూ మూసుకుపోదు.

అసలు లోపల జరిగేది ఇది. మొదటి డోసు పడ్డాక లింఫ్ గ్రంథుల్లో బి కణాలు (యాంటీబాడీలు, అంటే వైరస్‌ను అడ్డుకునే పదార్థాలు, తయారుచేసే కణాలు) వైరస్‌ను గుర్తుపట్టడం నేర్చుకుంటాయి. ఆ నేర్పు వారాలు, నెలల పాటు పదునెక్కుతూ ఉంటుంది. బాగా గుర్తుపట్టే కణాలు మిగులుతాయి, మిగతావి రాలిపోతాయి. ఈ పని కొంత సాగాక రెండో డోసు ఇస్తే, పదునెక్కిన కణాలే ఎక్కువ సంఖ్యలో పెరుగుతాయి. పెద్దలకు హెపటైటిస్-బి మూడో డోసును ఆరో నెలలో ఇవ్వడానికి కారణం ఇదే. టీకాల్లో మేం పాటించే సాధారణ సూత్రం కూడా దీనికి తగ్గట్టే ఉంటుంది: కనీస గ్యాప్ కన్నా ముందు వేస్తే ఆ డోసును లెక్కలోకి తీసుకోం, ఆలస్యమైతే మొదటి నుంచి మొదలుపెట్టం.

కోవిడ్ టీకాల్లోనూ ఇదే కనిపించింది. ఆక్స్‌ఫర్డ్-ఆస్ట్రాజెనెకా టీకా (భారత్‌లో కోవిషీల్డ్) ట్రయల్స్‌లో రెండు డోసుల మధ్య ఆరు వారాల లోపు గ్యాప్ ఉన్నవారిలో రక్షణ సుమారు 55 శాతం, 12 వారాలు దాటినవారిలో 81 శాతం. 80 ఏళ్లు దాటినవారిపై బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం చేసిన పరిశీలనలో, ఫైజర్ రెండో డోసు 12 వారాలకు తీసుకున్నవారిలో యాంటీబాడీలు మూడు వారాలకు తీసుకున్నవారికన్నా మూడున్నర రెట్లు ఎక్కువగా వచ్చాయి. టి కణాల (వైరస్ సోకిన కణాలను చంపే రోగనిరోధక కణాలు) స్పందన మాత్రం తక్కువ గ్యాప్ ఉన్నవాళ్లలోనే మెరుగ్గా ఉంది. అనుకూలమైన అంకె ఒక్కటే చెప్పి ఈ రెండోది దాచడం సరికాదు.

ఎప్పుడూ కలపకూడని విషయం ఒకటుంది. కుక్క కరిచాక వేసే రేబిస్ టీకాకు ఈ సడలింపు వర్తించదు. అక్కడ వైరస్ ఇప్పటికే ఒంట్లోకి వెళ్లి ఉండవచ్చు, టీకా దానికన్నా ముందు పనిచేయాలి. "ఆలస్యమైనా పర్లేదట" అనే మాట అక్కడ ప్రాణం తీస్తుంది. కార్డులో రాసిన తేదీలకే వెళ్లాలి.

అపోహ: మొదటి డోసు అంటే సగం మందు, కాబట్టి సగం రక్షణే.

వాస్తవం: ఈ భయానికి మూలం ఫైజర్ ట్రయల్‌లోని ఒక అంకె. మొదటి డోసుకూ రెండో డోసుకూ మధ్య రక్షణ 52 శాతం అని అందులో ఉంది. అయితే అది సూది వేసిన రోజు నుంచి వచ్చిన కేసులన్నీ కలిపిన లెక్క. తొలి 12 రోజుల దాకా ఏ టీకా అయినా పెద్దగా రక్షణ ఇవ్వలేదు, శరీరానికి ఆ టైమ్ కావాలి. ఆ రోజులు తీసేసి, 15 నుంచి 21వ రోజు వరకు చూస్తే రక్షణ 89 శాతం దాకా ఉందని బ్రిటన్ టీకాల సలహా సంఘం లెక్కగట్టింది. తర్వాత స్కాట్లాండ్‌లో టీకాలు వేసుకున్నవారిని గమనిస్తే, మొదటి డోసు తర్వాత నాలుగైదు వారాలకు ఆసుపత్రిలో చేరే ముప్పు ఫైజర్‌తో 91 శాతం, ఆస్ట్రాజెనెకాతో 88 శాతం తగ్గింది.

ఇప్పుడు లెక్క చూడండి. చేతిలో వెయ్యి డోసులున్నాయి. 500 మందికి రెండేసి వేస్తే, 95 శాతం రక్షణ చొప్పున 475 మందికి కాపుదల దొరుకుతుంది. వెయ్యిమందికి ఒక్కొక్కటి వేసి, ఆ ఒక్క డోసు రక్షణ 80 శాతం అనుకుంటే 800 మందికి దొరుకుతుంది. ఊపిరాడక ఆసుపత్రికొచ్చే మనిషికి ఈ తేడా కాగితం మీది అంకె కాదు. కానీ ఒక డోసు ఇచ్చే రక్షణ, రెండు డోసులు ఇచ్చే రక్షణలో సగానికి పైగా ఉన్నంతవరకే ఈ లెక్క నిలుస్తుంది. ఈ షరతును మరిచిపోవడం వల్లనే తర్వాతి అపోహ పుట్టింది.

అపోహ: ఒక్క డోసే ఇంత బాగా పనిచేస్తే, రెండోది ఎప్పుడు వేసుకున్నా ఒకటే. అసలు మానేసినా పర్లేదు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా భయం కలిగించింది ఈ మాటే. డెల్టా అనే మార్పు చెందిన వైరస్ రకం వచ్చాక బ్రిటన్‌లో చూస్తే, లక్షణాలతో కూడిన జబ్బు నుంచి ఒక్క డోసు ఇచ్చిన రక్షణ 31 శాతం దగ్గరే ఆగిపోయింది. రెండు డోసులకు అది ఫైజర్‌తో 88 శాతం, ఆస్ట్రాజెనెకాతో 67 శాతం. పైన చెప్పిన లెక్క తలకిందులైంది. అందుకే 2021 మే నెలలో బ్రిటన్ 50 ఏళ్లు దాటినవారికి, ఇతర జబ్బులున్నవారికి గ్యాప్‌ను 12 వారాల నుంచి 8 వారాలకు తగ్గించింది. ఆసుపత్రి పాలు కాకుండా కాపాడటంలో మాత్రం ఒక్క డోసు కూడా డెల్టా మీద గట్టిగానే నిలిచింది. ఫైజర్‌కు 94, ఆస్ట్రాజెనెకాకు 71 శాతం. కాబట్టి గ్యాప్ ఎంత అనేది ఒకసారి రాసేసి వదిలేసే అంకె కాదు, వైరస్ మారితే అదీ మారాలి.

టీకాను బట్టి కూడా మారుతుంది. చనిపోయిన వైరస్‌తో చేసే కరోనావాక్ టీకాను చిలీ దేశం పెద్ద ఎత్తున వేసింది. అక్కడ ఒక్క డోసు రక్షణ సుమారు 16 శాతం, రెండు డోసులది 66 శాతం. ఇలాంటి టీకాకు "ముందు అందరికీ ఒకటి" అనే పద్ధతి పనికిరాదు. భారత్‌లో కోవిషీల్డ్ గ్యాప్ పెంచినప్పుడు కోవాక్సిన్ గ్యాప్ ముట్టుకోలేదు. కోవాక్సిన్ కూడా చనిపోయిన వైరస్‌తో చేసిందే.

మనిషిని బట్టి కూడా. లండన్‌లో క్యాన్సర్ రోగులపై జరిగిన ఒక అధ్యయనంలో, ఫైజర్ మొదటి డోసు తర్వాత ఆరోగ్యవంతుల్లో 94 శాతం మందికి యాంటీబాడీలు వస్తే, గడ్డల రూపంలో క్యాన్సర్ ఉన్నవారిలో 38 శాతం మందికి, రక్త క్యాన్సర్ ఉన్నవారిలో 18 శాతం మందికే వచ్చాయి. క్యాన్సర్ వైద్యంలో ఉన్నవారిని, అవయవ మార్పిడి జరిగినవారిని సాధారణ వరుసలో నెలల తరబడి ఆపడం నా దృష్టిలో తప్పు. గ్యాప్ పెంచే ఏ నిర్ణయంలోనైనా వీళ్లకు మినహాయింపు మొదటి పేజీలోనే ఉండాలి.

అపోహ: సగం రక్షణతో తిరిగినవాళ్ల వల్లే కొత్త వేరియంట్లు పుట్టాయి.

వాస్తవం: ఇది పూర్తిగా కొట్టిపారేయాల్సిన ఆలోచనేమీ కాదు, శాస్త్రవేత్తలే లేవనెత్తారు. కానీ తేదీలు చూడండి. ఆల్ఫా, బీటా, గామా, డెల్టా నాలుగూ 2020లోనే, సామూహిక టీకాలు మొదలుకాకముందే కనిపించాయి. వైరస్ ఒకరి నుంచి ఒకరికి అంటుతూ కాపీ అవుతున్నకొద్దీ మార్పులు వస్తాయి. ఏ రక్షణా లేనివాళ్లు లక్షల్లో ఉంటే దానికి అవకాశం ఇంకా ఎక్కువ.

అపోహ: స్టాకు లేక వాయిదా వేశారు, సైన్స్ అనేది సాకు.

వాస్తవం: మొదటి సగం నిజం. కొరతే లేకపోతే అంత త్వరగా ఆ నిర్ణయం వచ్చేది కాదు. దాన్ని ఒప్పుకోవడానికి ప్రభుత్వాలు ఎందుకు మొహమాటపడ్డాయో నాకు అర్థం కాలేదు. కొరత నిజం, ఆలస్యం వల్ల పెద్ద నష్టం ఉండదన్న అంచనా కూడా నిజం. రెండూ కలిపి చెప్పి ఉంటే జనం వినేవారు. నిపుణులందరిదీ అప్పుడు ఒకే మాట కూడా కాదు. 21 రోజుల తర్వాత ఒక్క డోసు రక్షణ నిలుస్తుందనడానికి తమ దగ్గర డేటా లేదని ఫైజర్ చెప్పింది. తప్పనిసరైతే ఆ టీకాకు ఆరు వారాల వరకే వెళ్లమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది.

జనం కోపంలో న్యాయం ఉన్న చోటు ఇంకొకటి. మూడు వారాలకు రెండో డోసు అని చెప్పి మొదటిది వేసి, ఆ తర్వాత పెద్దవాళ్ల అపాయింట్‌మెంట్లు రద్దు చేశారు. బ్రిటన్ డాక్టర్ల సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది. ఒక మాట మీద ఒప్పుకుని చెయ్యి చాచిన మనిషికి ఆ మాట మార్చేముందు కారణం చెప్పాలి. కొత్త గ్యాప్‌ను కొత్తగా మొదటి డోసు తీసుకునేవారి నుంచి అమలు చేసి, ఇప్పటికే తేదీ ఇచ్చినవారికి ఆ తేదీకే వేయడం మంచిదని నా అభిప్రాయం. కొన్ని డోసులు ఎక్కువ ఖర్చవుతాయి, అయినా సరే.

అపోహ: గడువు దాటింది కాబట్టి యాంటీబాడీ టెస్ట్ చేయించుకుని, తక్కువుంటే మొదటి నుంచి రెండు డోసులు వేసుకోవాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఎంత యాంటీబాడీ ఉంటే మనిషి క్షేమమో చెప్పే అంకె ఆ ల్యాబ్ రిపోర్టులో ఉండదు, వైరస్‌ను గుర్తుంచుకునే జ్ఞాపక కణాలు అందులో కనిపించవు. టెన్షన్ పడకుండా మొదటి డోసు కార్డు తీసుకెళ్లి, మిగిలిన ఒక్క డోసు వేయించుకోండి. మొదటిసారి ఏ టీకా వేసుకున్నారో అక్కడి సిబ్బందికి చెప్పండి. ఆ రోజు జ్వరం గట్టిగా ఉంటే తగ్గాక వెళ్లండి.